సంబంధం ఉన్నవాళ్లు రాయకూడదు

మా సోషల్ సారు పోయినారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. చేసింది నాతో పాటు జమ్మలమడుగు హైస్కూల్లో చదివిన స్నేహితురాలు. నిద్రలోనే పోయినారంట, ఎవరినీ కష్టపెట్టలేదంట. సారు ఇల్లున్న ప్రొద్దుటూరికి బయలుదేరుతూ మా అమ్మను కూడా రమ్మన్నాను. అమ్మ చేటలో కందులు చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"నేను రాను. నువ్వు పోయిరా పాపా," అంది.

నన్ను మనిషిని చేసిన సారు కదమ్మా అన్నాను.

"అందుకే నిన్ను పొమ్మంటాండేది," అంది. కారణం చెప్పలేదు, నాకు అడిగే తీరికా లేదు.

ఇది చదివే మీలో చాలామందికి సారు తెలియదు. కానీ మన సీమ పక్క నాయకుల గురించి ఇంటర్నెట్‌లో తెలుగు విజ్ఞాన సర్వస్వం తెరిచి ఎప్పుడైనా చదివి ఉంటే, ఆయన చేతి పని మీరు చూసినట్టే. అందులో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఎవరైనా రాయొచ్చంటే మన ఊళ్లలో ఏమవుతుందో తెలిసిందే. వార్డు మెంబరుగా నిలబడి ఓడిపోయినాయన కూడా 'ప్రజల గుండె చప్పుడు' అయిపోతాడు. రిటైరైనాక సారు రోజూ టీ తాగి కంప్యూటర్ ముందు కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఆ పొగడ్తలన్నీ ఏరి పారేసేవారు. నేను అప్పటికి ప్రొద్దుటూరులో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సాయంత్రం ఇంటికి పోయే ముందు కాసేపు వాళ్లింట్లో కూర్చుని ఆ పని నేర్చుకున్నాను.

"మంచోడని నువ్వు చెప్పొద్దు పాపా. ఏం చేసినాడో చెప్పు. మంచోడో కాదో సదివేటోళ్లు సూసుకుంటారు," అనేవారు. మా పిల్లలకు వ్యాసం రాయడం నేర్పేటప్పుడు ఇప్పటికీ ఈ మాటే చెబుతాను.

ఒకసారి పులివెందుల నుంచి ఒకాయన తన జీవిత చరిత్ర తానే రాసుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాడు. మొదటి లైనులోనే 'జనహృదయ నేత' అని ఉంది. సారు ఆయనకు టీ ఇప్పించి, "ఈ మాట యాడన్నా అచ్చయిందా అప్పా?" అని అడిగినారు.

"ఫ్లెక్సీలో ఏసినారు సార్."

"ఆ ఫ్లెక్సీ ఎవురు ఏయించినారు?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "నేనే సార్," అన్నాడు. పాపం, అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. సారు ఆయన్ను గేటు దాకా సాగనంపి వచ్చి, లోపలికి వచ్చినాక నవ్వినారు.

సారు అన్నిటికంటే ఎక్కువ కాపలా కాసింది ఒక నాయకుడి పేజీని. ఏ పేజీయో మన పక్కవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఫ్యాక్షన్ రోజుల్లో ఒక పార్టీని నడిపిన మనిషి ఆయన. అప్పట్లో పార్టీ అంటే జెండా కాదు, ఎవరి జీపు వెనక ఎవరు నడుస్తారనేదే. జెండాలు తర్వాత వచ్చినాయి, ఆయన పెద్దమనిషి అయినాడు. ఆయన మనుషులు 'సీమ పులి' అని రాస్తే సారు తీసేసేవారు. ఎదుటి పక్కవాళ్లు 'హంతకుడు' అని రాస్తే అదీ తీసేసేవారు. "కోర్టు చెప్పిందా? చెప్పల్యా. తీసెయ్," అనేవారు నాతో.

ఒక రోజు నాయకుడి మనిషి బండేసుకుని వచ్చి వాకిట్లో నిలబడినాడు. "సార్, అన్నను పులి అని రాస్తే మీరు తీసేస్తాండారంట. ఏంది కథ?"

"పులి అని ఉంచితే జంతువుల పేజీలో పెట్టాల్సొస్తాదప్పా. అన్నకు ఇష్టమేనేమో అడిగిరా, పో."

వాడు నవ్వలేదు కానీ వెళ్లిపోయినాడు. ఆ రోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. పలుకుబడి ఉన్నవాళ్ల ముందు గొంతు మారని మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆ పేజీలో ఒక వాక్యం ఉంది. 'ఒక హత్య కేసులో ఆయన నిందితుడు కాగా, సాక్ష్యాధారాలు లేనందున కోర్టు కేసును కొట్టివేసింది.' ఆ హత్యలో చనిపోయింది మా మేనమామ, అమ్మకు ఉన్న ఒక్క తమ్ముడు. గొర్రెలు కాసేవాడు. నాకు బుద్ధి తెలియక ముందు, సాయంత్రం మందను ఇంటికి తోలుకొస్తుంటే, ఎదుటి పార్టీ మనిషని రోడ్డు మీదే నరికినారు. పేపర్లో కూడా 'ఒక కాపరి' అనే వచ్చింది. ఒక రోజు ఆ వాక్యంలో మామ పేరు చేర్చాను. ఇంకేమీ చేర్చలేదు, పేరు ఒక్కటే. మధ్యాహ్నం చూస్తే పేరు లేదు. తీసింది సారే.

కోపంగా వాళ్లింటికి పోయినాను. "పేరు అబద్ధమా సార్?" అని అడిగినాను.

"అబద్ధం కాదు. కానీ యాడా అచ్చు కాలేదు. పైగా ఆయన నీకు మేనమామ. సంబంధం ఉండేటోళ్లు రాయకూడదు పాపా. నీ బాధ నిజమే, దానికి ఇది చోటు కాదు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా వైపు నేరుగానే చూసినారు. నేను తల ఊపి వచ్చేసినాను. అంతటితో ఊరుకున్నానా, నిష్పక్షపాతం అంటే ఏమిటని ఎవరడిగినా ఇదే ఉదాహరణ చెప్పేదాన్ని. శిష్యురాలని కూడా చూడలేదు మా సారు, అని.

సారును ఇంటి ముందు షామియానా కింద పడుకోబెట్టినారు. పాత విద్యార్థులు చాలామంది వచ్చినారు. మధ్యలో ఆ నాయకుడు వచ్చినాడు. పెద్ద పూలమాల వేసి, కాళ్ల దగ్గర చాలాసేపు నిలబడి, సారు కొడుకు చేతులు పట్టుకున్నాడు. "మీ నాయన నాకు చేసిన మేలు ఈ జన్మలో మర్చిపోలేనప్పా," అన్నాడు. నాకు అర్థం కాలేదు. పులి అనే మాట కూడా ఉంచని మనిషి ఈయనకు ఏం మేలు చేసినట్టు?

ఇంటికొచ్చి అమ్మకు అదే చెప్పాను.

"మేలే కదా చేసింది," అంది అమ్మ. "మీ మామను నరికేది కండ్లతో సూసింది మీ సారు ఒక్కడే. బడి నుంచి సైకిల్ మీద వస్తాండె. పోలీసోళ్లకు చెప్పినాడు గూడా. కోర్టులో బోనెక్కినాక, నేనేం సూడలేదు, ఆ పొద్దు ఆ దావన రానే లేదు అనె. నేను ఆడనే ఉంటి."

"ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నువ్వు బడికి పోతావా? ఆయప్ప నిన్ను బాగా సదివిస్తాండె. సదవనీలే అనుకుంటి. మా తమ్ముడు ఎట్లాగూ రాడు."

సారు భయపడినందుకు నాకు కోపం లేదు. ఆ రోజుల్లో భయపడనిదెవరు? ఆయనకూ పెళ్లాం పిల్లలు ఉన్నారు. నాకు కడుపు మండేది వేరే చోట. సంబంధం ఉన్నవాళ్లు రాయకూడదని నన్ను లేపి పంపించి, ఆ వాక్యం ముందు తానే కూర్చున్నాడు. నాకు సంబంధం ఉంటే ఆయనకు లేదా? ఆ పేజీలో ఎవరు ఎప్పుడు ఏం రాసినారో చూపించే పాత మార్పులన్నీ తీసి చూశాను. 'సాక్ష్యాధారాలు లేనందున' అని రాసింది కూడా ఆయనే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పొగడ్త లేదు, తిట్టు లేదు. ఆ లేని సాక్ష్యం తానేనన్న సంగతి ఒక్కటే లేదు. నమ్మించి గొంతు కోయడం అంటారే, అదే నాకు జరిగింది. ఇంకొకటి కూడా పోయింది. అంతమంది పిల్లల్లో నన్ను దగ్గరికి తీసింది నేను బాగా చదువుతాననే అనుకునేదాన్ని. ఇప్పుడు అదీ నాకు తెలియదు.

అయినా ఆయన నేర్పింది నా చేతిలోనే ఉంది. ఇంత కోపంలోనూ ఆ పేజీని ముట్టుకోలేదు. అమ్మ నోటి మాట తప్ప నా దగ్గర ఆధారం లేదు.

ఈ పత్రికవాళ్లు సారు గురించి రాయమన్నారు. సారు లెక్కలో అచ్చయిన మాట ఆధారమే. అందుకే ఇందులో సారు పేరు రాయలేదు. ఆ ఇంట్లో ఆయన భార్య ఉంది, ఎన్నో సాయంత్రాలు నాకు అన్నం పెట్టింది. మామ పేరు మాత్రం రాస్తున్నాను. ఆ హత్య కేసులో చనిపోయిన గొర్రెల కాపరి పేరు ఓబులేసు. నాకు సంబంధం ఉంది కాబట్టి ఈ పేరును ఆ పేజీలో నేను చేర్చను. సంబంధం లేనివాళ్లు మీరు చాలామంది ఉన్నారు.

రాసిందంతా అమ్మకు చదివి వినిపించాను.

"వాని పేరు యాడుండాది?" అని అడిగింది.

చూపించాను. అమ్మకు చదువు రాదు. వేలు కాగితం మీద పెట్టి, ఆ అక్షరాల మొదటి నుంచి చివరి దాకా మెల్లగా జరిపింది.

"ఇంత చిన్నదా," అంది. వేలు తీయలేదు.