వాగులో నురగ ఎవరిది?

ఆవిడ అసలు పేరు భర్తకైనా గుర్తుందో లేదో చెప్పలేను. వీధి మొత్తానికి ఆవిడ లాండ్రీ పిన్ని. చొక్కా కాలరు చూసి మనిషి గుణం చెప్పేది. "ఈ మురికి చూడు, పెళ్ళాం మాట చెవిన పెట్టే రకం కాదు" అనేది. చాలాసార్లు నిజమే అయ్యేది. బాబాయి మాత్రం ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి, మాటలన్నీ పిన్నికే వదిలేసి, మడతలు చూసుకునేవాడు.

లాండ్రీ వెనక గోడ దాటితే వాగు. దాని మీద ఎప్పుడూ తెల్లటి నురగ తేలుతూ ఉండేది. అది ఎదురు హోటలు వాళ్ళ గిన్నెలు తోమిన నీళ్ళేనని పిన్ని గట్టి నమ్మకం.

మోకాళ్ళ నొప్పులకు డాక్టరు పిన్నిని నడవమన్నాడు. పై వాటాలో ఉండే లెక్చరరమ్మాయి ఆదివారాల్లో కొందరిని వెంటబెట్టుకుని వాగు నీళ్ళు పరీక్ష చేస్తూ ఉండేది. జీతం, బత్తెం లేని పని. "నడవక ఎలాగూ తప్పదు, ఉత్త చేతులూపుకుంటూ నడిచేదేమిటి? నాకూ ఒక సీసా ఇవ్వమ్మాయ్" అని పిన్ని చేరిపోయింది.

మొదటిరోజు అడుగున నల్లటి గుర్తున్న పొడవాటి గాజు గొట్టంలో వాగు నీళ్ళు పోశారు. గుర్తు కనబడకుండా పోయేదాకా పోస్తే నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో తెలుస్తుంది. నాలుగు వేళ్ళ లోతు పోయకముందే గుర్తు మాయమైంది. తర్వాత చిన్న సీసాలో మందు చుక్కలు వేస్తే నీళ్ళు ముదురు నీలం తిరిగాయి.

"రంగు ఎంత ముదిరితే సబ్బుల్లోంచి వచ్చే సరుకు అంత ఎక్కువని అర్థం పిన్నిగారూ" అంది లెక్చరరమ్మాయి.

పిన్ని ఆ సీసా పట్టుకుని తిన్నగా హోటలుకు వెళ్ళి, టీ తాగుతున్నవాళ్ళ ముక్కుల ముందు ఆడించింది. "చూడండి నాయనా, ఇదీ ఈయనగారి నిర్వాకం!" ఇద్దరు గ్లాసులు కింద పెట్టేశారు.

"పిన్నీ, నా నీళ్ళు డ్రైనేజీలోకే పోతాయి. నా వ్యాపారం మీద పడతావేం?" అని హోటలాయన మొత్తుకున్నాడు.

రోజూ ఈ రభస భరించలేక లెక్చరరమ్మాయి మునిసిపాలిటీ ఇంజనీరు అనుమతి తెచ్చింది. నీళ్ళకు హాని చేయని చిలకపచ్చ రంగు పొడి కూడా తెచ్చింది. తూములో రంగు పోస్తే ఎక్కడ తేలుతుందో, ఆ నీళ్ళ దారి అదే. ఆదివారం వీధి వీధంతా వాగు మీది చిన్న వంతెన ఎక్కింది.

ముందు హోటలు తూములో పోశారు. డ్రైనేజీ మూత ఎత్తి చూస్తే లోపల పచ్చటి నీళ్ళు. వాగులో చుక్క లేదు.

హోటలాయన రెండు చేతులూ జోడించి, "మరి తమరి లాండ్రీ సంగతి కూడా చూద్దామా?" అన్నాడు.

"నిక్షేపంలా చూడు! మా పైపులు మా మరిది సొంత చేతులతో వేశాడు!"

ప్లంబరు మరిది అప్పటికే గుంపులోంచి వెనక్కి జరుగుతున్నాడు. "వదినా, ఇవాళ ఎండ మండిపోతోంది. ఇంకోసారి చూద్దాంలే..."

"ఎండకి రంగేమైనా కరిగిపోతుందట్రా?" అంటూ పిన్ని లోపలికి వెళ్ళి, తిరుగుతున్న మిషన్లో మిగిలిన పొట్లం మొత్తం గుమ్మరించి, విజయగర్వంతో వంతెన మీదికి వచ్చి నిలబడింది.

కాసేపటికి లాండ్రీ గోడ కింద, గడ్డి కప్పేసిన ఒక పైపులోంచి చిలకపచ్చ నురగ బుసబుసా పొంగుకొచ్చింది. ఎప్పుడూ నోరు విప్పని బాబాయి గోడ మీదుగా తొంగిచూసి, "ఏమేవ్, ఇది మనదే!" అని అరిచాడు. వంతెన మీద నవ్వులు మిన్నంటాయి.

"డ్రైనేజీలో కలపాలంటే రోడ్డు తవ్వాలి వదినా. వాగులోకి పోయే వాన నీటి పైపు గోడ పక్కనే ఉంది. నీళ్ళు నీళ్ళే కదా అని దానికే కలిపేశా" అని నసిగాడు మరిది. పిన్ని అతన్ని తిడుతుందని అందరూ చెవులు రిక్కించారు. ఆవిడ మాత్రం మొహం ఎర్రగా చేసుకుని దుకాణంలోకి వెళ్ళిపోయింది. అక్కడ మరో పిడుగు. మిషన్లో బాబాయి వేసినవి డాక్టరుగారి తెల్ల కోట్లు. అన్నీ లేత పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

సాయంత్రం హోటలు నిండా జనం ఉన్నప్పుడే పిన్ని వెళ్ళింది. "అనరాని మాటలన్నాను. తప్పు నాది" అంది, తల దించుకోకుండానే. హోటలాయన నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటూ, "టీ తాగు పిన్నీ" అన్నాడు. ఆవిడ తాగింది. చక్కెర తక్కువైందని కూడా చెప్పింది.

పైపు మారేదాకా లాండ్రీ మూసేసింది. ఇంజనీరు ఒప్పుకున్నాక మరిది రోడ్డు తవ్వుతుంటే, పక్కనే గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఇంకా లోతుకు తవ్వు. వంకర పోతోంది, కళ్ళు కనబడట్లేదా?" అంటూ అదిలించేది. అన్నాళ్ళూ వీధిలో మగాళ్ళంతా నలిగిన చొక్కాల్లోనే ఆఫీసులకు వెళ్ళారు. డాక్టరు కూడా పచ్చకోటు వేసుకునే రోగులను చూశాడు. పిల్లలు మునుపటిలా ఇంజక్షనుకు ఏడవడం లేదని తర్వాత మురిసిపోయాడు.

నురగ పలచబడింది. సీసాలో ముదురు నీలం పోయి లేత నీలం వచ్చింది. వాగు అద్దమైపోయిందని కాదు. పైన ఇంకెన్ని పైపులున్నాయో! పిన్ని రంగు పొట్లంతో వీధి మలుపు తిరిగితే చాలు, కార్లు కడిగే షెడ్డు వాళ్ళు ప్లంబరుకు ఫోన్ చేసేవారు.

మరుసటి ఏడు వానలు తగ్గాక, లెక్చరరమ్మాయి వలలో బురద జాడిస్తూ ఒక్కసారి కేక పెట్టింది. తెల్ల పళ్ళెంలో మూడు తోకల చిన్న పురుగు కదులుతోంది. "పిన్నిగారూ, పాత మురికిలో అయితే ఇది బతకదు!"

పిన్ని పళ్ళెం లాక్కుని గోడ దగ్గరికి పరిగెత్తింది. మోకాళ్ళ మాటే మరిచిపోయింది. "ఏవండీ! ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి రండి! మన వాగులో పురుగు పుట్టింది!"

బాబాయి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, చాలాసేపు దాన్ని పరిశీలించాడు.

"కుడుతుందా?" అన్నాడు.