బాబాయి చెవికి అన్నీ ఎక్కువే

మా బాబాయికి ఈ లోకంలో తక్కువైనది ఇంతవరకు ఒక్కటీ కనబడలేదు. కూరలో ఉప్పు ఎక్కువ. గదిలో వెలుతురు ఎక్కువ. పక్కింటాయనకి మర్యాద ఎక్కువ. టీవీలో వార్తలు చదివే అమ్మాయికి నవ్వు ఎక్కువ. పిన్ని కాఫీ అందిస్తే తాగకముందే వేడి ఎక్కువైందంటాడు, పక్కన పెట్టి మరిచిపోయి కాసేపటికి తాగి చల్లదనం ఎక్కువైందంటాడు. వేడి తక్కువైందని అనవచ్చు కదా అని పిన్ని ముప్పై ఏళ్ళుగా అడుగుతోంది. ఆవిడకి ప్రశ్నలు ఎక్కువట.

భౌతికశాస్త్రంలో కాలేజీ మొత్తానికి నాకు మొదటి స్థానం వచ్చిన రోజు, మార్కుల కాగితం పట్టుకుని పరుగెత్తుకుంటూ ఆయన దగ్గరికే వెళ్ళాను. కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కిందిదాకా చదివి, "ఎక్కువే వేశాడు. దిద్దినవాడు ఏదో తొందరలో ఉన్నట్టున్నాడు" అన్నాడు. వారం రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఆయనే వచ్చి నాకు పంతం ఎక్కువైందని చెప్పి వెళ్ళాడు.

నా కూతురు నెల ముందే పుట్టింది. రెండు కిలోల వంద గ్రాములు. నర్సు ఆ బరువు చదివినప్పుడు అంత కంగారులోనూ నాకొక ఆలోచన వచ్చింది: ఇప్పుడైనా బాబాయి నోట తక్కువ అనే మాట వస్తుందా అని. ఆయన పిల్లని చూశాడు, తూకం యంత్రాన్ని చూశాడు. "ఈ పళ్ళెం ఎక్కువ పెద్దది. దీంట్లో ఎవరిని పడుకోబెట్టినా చిన్నగానే కనబడతారు" అన్నాడు.

ఇంత శాస్త్రవిరుద్ధమైన మనిషి చేసే పని మాత్రం శబ్దశాస్త్రం. కింది వాటాలో రికార్డింగ్ స్టూడియో నడుపుతాడు. పెద్దగా ఊహించుకోకండి. ఒకప్పటి పడగ్గది, గోడలకి మందపాటి దుప్పట్లు, మధ్యలో గాజు కిటికీ, దానికి ఇవతల వరుసగా మీటలున్న మిక్సర్ బల్ల. ప్రకటనలు చదివేవాళ్ళు వస్తారు, పాడుకునేవాళ్ళు వస్తారు, అందరూ ఆ ఒక్క మాటే విని వెళ్తారు. సబ్బు ప్రకటన చదవడానికి వచ్చిన ఒకాయనతో, "గొంతులో నమ్మకం ఎక్కువైంది. సబ్బు గురించి చెబుతున్నారు, కోర్టులో సాక్ష్యం కాదు" అన్నాడట. విచిత్రమేమిటంటే అలా తగ్గించి చదివించినవే బాగుండేవి. అందుకని తిట్టుకుంటూనే మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

పై వాటాలో మేము. నేను, మా ఆయన, పాప. పాప గది సరిగ్గా స్టూడియో మీద ఉంటుంది. మాటలూ పాటలూ ఉన్నన్నాళ్ళు ఇబ్బంది లేదు. ఇబ్బంది బస్సు డిపోలో పనిచేసే నలుగురు మెకానిక్కుల రూపంలో వచ్చింది. వాళ్ళకొక బ్యాండు ఉంది. సొంత పాటలు రికార్డు చేసుకోవాలని చాలాకాలంగా కోరిక. అప్పటిదాకా డ్రమ్ముల చప్పుడు కావలసి వస్తే బాబాయి కంప్యూటర్లోంచి తీసి కలిపేవాడు. వాళ్ళు అది విని, సార్, ఇది అగ్గిపెట్టె మీద దరువులా ఉంది, మాకు అసలు డ్రమ్ములు కావాలన్నారు. ఆశ్చర్యం, బాబాయి ఒప్పేసుకున్నాడు. స్టూడియోకి చవకలో ఒక డ్రమ్ సెట్ కొంటానని పిన్నితో చెప్పాడు. పిన్ని నాతో చెప్పింది.

పాపకి అప్పటికి ఏడు నెలలు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా పడుకుంటే సాయంత్రం పాలు తాగుతుంది. ఆ నిద్ర చెడిందంటే పాలు ముట్టదు. పాలు ముట్టని వారం డాక్టరు నా వంక చూసే చూపు పగవాళ్ళకి కూడా వద్దు. ఈ రెండు గంటల కోసం నేను కాలింగ్ బెల్లు తీగ పీకించాను, కుక్కర్ వాడటం మానేశాను, మా ఆయన చేత తుమ్ములు ఆపించాను. అలాంటి ఇంటి కింద డ్రమ్ములు.

కాగితం మీద అంకెలు రాసుకుని కిందికి వెళ్ళాను. డెసిబెల్ అంటే కూరగాయల తూకం కాదని, పది పెరిగితే చెవికి రెట్టింపైనట్టు ఉంటుందని, పైకప్పు ఎంత ఆపుతుందో, పాప చెవిదాకా ఎంత వస్తుందో అంతా వివరించాను. ఎలక్ట్రానిక్ డ్రమ్ములు కొనుక్కోమన్నాను, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కొట్టుకుంటారు కదా. అంతా విని, కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

"చదువు ఎక్కువైంది నీకు."

"బాబాయ్, నేను ఊరికే అనడం లేదు. ఆ డ్రమ్ములు కిందికి వస్తే మేం వేరే ఇల్లు చూసుకుంటాం."

"కోపం కూడా" అన్నాడు. అని, ఆదివారం షాపులకి వెళ్తున్నాను, రా అన్నాడు.

వెళ్ళాను. ఆపడానికే వెళ్ళాను. మొదటి షాపు యజమాని ఎర్రగా తళతళలాడే అయిదు డ్రమ్ముల సెట్ ముందు నిలబెట్టాడు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము బండి చక్రమంత ఉంది. కుర్చీలో కూర్చున్న సేల్స్‌మన్ రెండు కర్రలెత్తి మోగించాడు. అద్దాలు అదిరాయి. నేను పాపని తలచుకుని కళ్ళు మూసుకున్నాను.

బాబాయి ఒక్క మాటన్నాడు. "ఎక్కువ."

యజమాని నవ్వి ధర కొంచెం తగ్గించాడు. మళ్ళీ వాయించమన్నాడు బాబాయి. విన్నాడు. ఎక్కువన్నాడు. యజమాని నిట్టూర్చి మరికొంత తగ్గించాడు. మూడోసారి వాయింపు, మూడోసారి అదే మాట. నాలుగోసారికి ఆ పెద్దమనిషి ముఖం డ్రమ్ములకంటే ఎర్రబడింది.

"చూడండి సార్, నేను తెచ్చిన ధర కంటే కిందికి వచ్చాను. ఇంకా ఎక్కువంటే నేనేం చెయ్యను?"

"ధర గురించి ఎవరన్నారు? మోత ఎక్కువంటున్నాను."

యజమాని తన జీవితంలో ఇంతమందిని చూశానని, మోత తగ్గించమని డ్రమ్ములు కొనడానికొచ్చిన మనిషిని చూడలేదని చెప్పాడు. సేల్స్‌మన్‌ని మెల్లగా వాయించమని బాబాయి కోరాడు. మెల్లగా కొడితే ఎవరికి వినబడుతుంది సార్ అని సేల్స్‌మన్.

"మైకుకి" అన్నాడు బాబాయి. "పెళ్ళి ఊరేగింపుకి కాదు నేను కొనేది. ఇంత గదికి. మైకు జానెడు దూరంలో ఉంటుంది. దానికేం చెవుడు లేదు."

రెండో షాపులో మెరుగు ఎక్కువైంది. రికార్డింగులో రంగు వినబడుతుందా అని షాపువాడి ఎదురు గొడవ. మూడో షాపులో ఒక డ్రమ్ము పై పొర విప్పించి, ఒట్టి చెక్క గుండ్రాన్ని అద్దం బల్ల మీద బోర్లించి, లోపల టార్చి పెట్టి, షాపులో లైట్లన్నీ ఆర్పమన్నాడు. అంచు చదునుగా లేకపోతే బల్లకీ చెక్కకీ మధ్యనుంచి వెలుగు బయటికి వస్తుందట. వచ్చింది. అదీ ఎక్కువేనట. పట్టపగలు చీకటైన షాపులో గిటారు చూసుకుంటున్న ఒకావిడ భయపడి బయటికి పరుగెత్తింది. మమ్మల్ని కూడా అదే దారిన పంపించారు.

రెండు వారాల్లో ఏడు షాపులు. పాపని పిన్నికి అప్పగించి, గంటకి నాలుగుసార్లు ఫోను చేస్తూ, ఈ మనిషి వెంట తిరిగాను. నాకు మండిపోయింది. కొనకపోతే కొనకపోయాడు, అదే కదా నాకు కావలసింది అనుకున్నా మనసు ఊరుకోదు. ఒక పక్క ఇల్లు వెతుక్కుంటున్నాను, ఇంకో పక్క మా ఆయన, పోనీలే, మీ బాబాయికి సరదాగా ఉన్నట్టుంది అంటున్నాడు. సరదాట. పసిపిల్ల తల మీద సరదా.

చివరికి డ్రమ్ములు నేర్పే టీచరు ఒకావిడ స్థలం చాలక తన పాత సెట్ అమ్మేస్తోందని తెలిసి వెళ్ళాం. నాలుగే డ్రమ్ములు. రంగు పెచ్చులూడింది. కాలితో కొట్టేది మా ఇంట్లో నీళ్ళ డ్రమ్ములో సగం కూడా లేదు. టార్చి పరీక్ష నెగ్గింది. బాబాయి దాన్ని వేలితో తట్టి, అరచేత్తో ఆపి, మళ్ళీ తట్టాడు. నేను ఆ మాట కోసం చూశాను. అనలేదు. వంగి బోల్టులు లెక్కపెట్టుకున్నాడు. చెక్క గుండ్రం చిన్నదైనా చాలని, మిగిలిన డబ్బు కొత్త పొరలకీ పల్చటి ఇత్తడి తాళాలకీ పెట్టాలని టీచరుతో మాట్లాడుకున్నాడు. ఆవిడ చాలా సంతోషించింది. నేను ఆటోలో ఇంటిదాకా ఫోనులో అద్దె ఇళ్ళు వెతికాను.

రికార్డింగ్ గురువారం పెట్టారు. మధ్యాహ్నం ఒంటిగంటకి. అంతకంటే అన్యాయమైన సమయం గడియారంలో లేదు. పన్నెండున్నరకి పాపని పడుకోబెట్టి, ఫోనులో శబ్దం కొలిచే మీటరు తెరిచి, ఉయ్యాల పక్కన నేల మీద కూర్చున్నాను. ఫోను మీటరు పెద్ద నమ్మకమైనది కాదని తెలుసు. పోట్లాడటానికి అది చాలు.

ఒంటిగంట అయింది. పది నిమిషాలు. ఇరవై. ఎక్కడో పక్కవీధిలో ఎవరో పరుపు దులుపుతున్నట్టు ఒక చప్పుడు. మీటరు ఫ్యాను చప్పుడు దగ్గరే ఆగింది. పాప నోరు తెరుచుకుని పడుకునే ఉంది. ఇంకా మొదలుపెట్టలేదని అర్థం చేసుకుని, ఎప్పుడు మొదలుపెట్టి చస్తారో కనుక్కుందామని గుమ్మంలోకి వచ్చాను.

గుమ్మం బయట, చెప్పుల అర పక్కన, నేల మీద ఒక నల్లటి తీగ ఉంది.

నెలలో పాకబోయే పిల్ల గది ముందు తీగ. దాన్నందుకున్నాను. మెట్ల కమ్మీని అంటుకుంటూ కిందిదాకా వెళ్తోంది. నాకింక కళ్ళు కనబడలేదు. తలుపు ఎలా వేశానో, మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు. స్టూడియో తలుపు తోసి, బాబాయ్, ఈ తీగేమిటి, పిల్ల లాగితే ఏమిటి గతి అని మొదలుపెట్టాను.

గాజు కిటికీ అవతల రికార్డింగ్ జరుగుతోంది. డ్రమ్ముల ముందు కూర్చున్నది డిపోలో బస్సు చక్రాలు విప్పే మనిషి, తలుపంత భుజాలు. రెండు చేతుల్లో సన్నటి పుల్లల కట్టలు పట్టుకుని, చెమటలు కక్కుతూ, నిద్రపోతున్న దోమని తట్టినట్టు తడుతున్నాడు. డ్రమ్ముల కింద రెండు ప్లైవుడ్ పలకలు, వాటి మధ్య ఇరవై ముప్పై టెన్నిస్ బంతులు, నేలకి చప్పుడు దిగకుండా. ఇవతల మిక్సర్ బల్ల. ప్రతి మీట కింద ఒక తెల్ల టేపు ముక్క, దాని మీద బాబాయి రాత. పెద్ద డ్రమ్ము. చిన్న డ్రమ్ము. తాళాలు. గిటారు. చివరి మీట కింద: పాప.

మిగతా మీటల దీపాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి. బాబాయి వాటివైపు చూడటం లేదు. చివరి మీట మీదున్న ఒక్క దీపాన్నే చూస్తూ, అది కాస్త మినుకుమంటే చాలు, కిటికీలోంచి డ్రమ్మరుకి అరచెయ్యి కిందికి ఊపుతున్నాడు. తీగకి ఆ చివర, మా చెప్పుల అరలో, మైకు ఉందన్నమాట.

వాయింపు ఆపి డ్రమ్మరు బయటికి వచ్చాడు. ముఖం తుడుచుకుంటూ, "మొదటి షాపులో ఆ ఎర్ర సెట్ మేమే ఖాయం చేసుకున్నామమ్మా" అన్నాడు. "పాప పడుకుంటుంది, అది పనికిరాదన్నారు సార్. రెండు వారాలు మాచేత దిండు మీద సాధన చేయించారు. డిపోలో నన్ను చూసి నవ్వుతున్నారు."

నేను బాబాయి వంక చూశాను. ఆయన మీటలు సర్దుకుంటున్నాడు.

"పొద్దున పెట్టుకోవచ్చు కదా బాబాయ్" అన్నాను.

"పొద్దున వీళ్ళకి డ్యూటీ. ఆ మైకు ఊరికే పడి ఉంటే పెట్టాను. దానికి ఇంత హడావిడి ఎక్కువ." వెనక్కి తిప్పి రికార్డు అయినదంతా గీతల్లో చూపించాడు. పాప అన్న గీత మొదటినుంచీ చదునుగా, నిశ్చలంగా ఉంది. చివర్లో ఒక్కచోట కొండలా లేచింది.

"ఇదేమిటి? నిద్ర లేచిందా?" అన్నాను.

"లేవలేదు. అది నువ్వు వేసిన తలుపు" అన్నాడు. "మళ్ళీ మొదటినుంచి వాయించాలి."

నలుగురు మెకానిక్కులూ నా వంక చూశారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని మెట్లవైపు నడిచాను. వెనకనుంచి డ్రమ్మరు గుసగుసగా అన్నాడు.

"అమ్మా, పై తలుపు కొంచెం మెల్లగా."