గీత మింగిన ఖాళీ

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. జనగామల ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీల కంప్యూటర్ పని చేస్తుంటి. ప్రవేశ పరీక్ష హాల్‌టికెట్ వచ్చే వెబ్ పేజీకి టెంప్లేట్ నేనే రాసిన. పేరు గీడ, తారీఖు గాడ అని ఒకపారి రాసిపెడితె, కంప్యూటర్ ఒక్కొక్కరివి నింపుకుంట పోతది. నేను ఆజ్ఞలు రాసిన చోటల్ల లోపలి కోడ్‌ల ఖాళీ లైన్లు మిగులుతయి. తెర మీద అవి కనబడయి. ఎవలికీ నష్టం లేదు.

మా పెద్దసారుకు కనబడ్డయి. కోస్తా నుంచి వచ్చిన మనిషి. నలుగురి ముంగట కోడ్ తెరిచి, "మాట్లాడేటప్పుడు సగం మింగేస్తారు, రాసేటప్పుడు ఇన్ని ఖాళీలెందుకయ్యా మీకు?" అని నవ్విండు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఖాళీలను మింగే గుర్తు ఒకటుంటది, చిన్న అడ్డగీత. ఆ కోపంల ప్రతి ఆజ్ఞకు రెండు దిక్కుల తగిలిచ్చిన. కోడ్ నున్నగయింది. "ఇప్పుడు బాగుంది" అన్నడు సారు. సిగ్గులేక మురిసిపోయిన. తెర మీద పేజీ ఎట్లయిందో తెరిచి చూడలే.

అప్పటికే అందరు హాల్‌టికెట్లు తీసుకున్నరు. కొత్తగూడ దిక్కు తండా పిల్ల ఒక్కతే మిగిలింది. బంద్‌లకు బస్సుల్లేక, మహబూబాబాద్‌ల నెట్ సెంటర్‌కు ఆలస్యంగ చేరింది. నెల పేరు పైన ఉంటది, దాని కింద ఆమె తారీఖు 1, పక్కనే గది నంబరు 4. నడుమ ఖాళీని నా గీత మింగింది. కాయితం మీద 14 అని పడ్డది. పరీక్షలు వాయిదా పడుడు మామూలైన రోజులాయె, తారీఖు వెనుకకు జరిపిండ్రనుకున్నది. గది సంగతి కాలేజీల చెప్తరనుకున్నదట.

పద్నాలుగో తారీఖు పొద్దున వచ్చి, తాళమేసిన హాలు ముంగట నిలబడ్డది. సీట్లు ఎప్పుడో నిండినయి. ఏడాదికి ఒక్కటే పరీక్ష. మళ్ల వచ్చే ఏడు దాక మిరపచేన్లకు కూలికి పోవుడే.

సారు కాయితం దిక్కు సరిగ చూడను గూడ చూడలే. "సరిగ్గా చదువుకోవాలమ్మా" అని లోపలికి పోయిండు. నాకు ఆ 14 చూడంగనే నా గీత పనని సమజైంది. చెప్తె నౌకరి పోతదని కాదు, ఆయన మళ్ల నవ్వుతడని భయపడ్డ. రోజూ సాయంత్రం చౌరస్తాల, మా బతుకులు ఆగం చేసిండ్రని గొంతు చించుకునేటోన్ని నేను.

ఆ పిల్ల ఇంట్ల లంబాడీ తప్ప తెలుగు మాట్లాడరు. బడిల నేర్చుకున్న తెలుగుల మెల్లగ అడిగింది, "అన్నా, నేనే తప్పు చదివిన్నా?"

అవునన్నట్టు తలూపిన.