ముందు సీటు నాదే

పరువు పోగొట్టుకోవడానికి మామూలు మనుషులు నానా కష్టాలు పడతారు. పోట్లాడతారు, పారిపోతారు, పట్టుబడతారు. నేను కదలకుండా కూర్చుని పోగొట్టుకున్నాను. అది కూడా మా కంభం బస్టాండు ఎదురుగా, మెడలో బంతిపూల దండతో, తప్పెట్ల మోతలో. ఎలాగో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. మా వంశాన్ని మాత్రం ఇందులో కలపకండి, తప్పు పూర్తిగా నాది.

వంశం మాట వచ్చింది కనుక ఇక్కడే రెండు ముక్కలు. మార్కాపురం పలకల పేరు మీరు వినే ఉంటారు. ఆ రాయి తీసే గనుల్లో నాలుగు మా ముత్తాతవి. ఎంతెంత పెద్దవాళ్ళో మా రాతి మీద ఓనమాలు దిద్దుకున్నారు. తర్వాత పిల్లలు పలకలు వదిలి నోటు పుస్తకాలు పట్టారు. మా గనుల్లో ఇప్పుడు వాననీళ్ళు, ఆ నీళ్ళలో గేదెలు. గనులు పోయాయి, మేడ పోయింది, నా నడుము మిగిలింది. అది వంగదు. పెళ్ళిలో తలంబ్రాలు పోయించుకోవడానికి కూడా వంగలేదని, తాను పీట మీద పీట వేసుకుని పోయాల్సి వచ్చిందని మా ఆవిడ సుభద్ర ఇప్పటికీ చెబుతుంది.

కొత్త జిల్లాలు ఏర్పడిన తర్వాత, ఎన్నికలు నాలుగైదు నెలల్లో ఉన్నాయనగా, నేనొక ఏడు సీట్ల పెద్ద బండి కొన్నాను. ఒక చేయి మారిన బండే. కానీ సెకండ్ హ్యాండ్ అన్న మాట మా ఇంట్లో నిషేధం. ‘రోడ్లకు ముందే అలవాటు పడిన బండి’ అనేవాణ్ణి. కంపెనీ గ్యారంటీ ఇంకా మిగిలి ఉంది. నడిపేవాడు ఖాసిం, నా ఈడువాడే. నేను స్టీరింగు ముట్టను. మా వైపు ఇంటి పెద్ద అన్నవాడు ముందు, ఎడమ పక్కన, అద్దం దించుకుని కూర్చుంటాడు. దారిలో జనం పెట్టే దణ్ణాలు అందుకోవడానికి ఆ చోటే అనువు. దణ్ణాలు తగ్గిపోయాయని చోటు మార్చుకుంటామా?

చిక్కు సరిగ్గా ఆ సీటుతోనే వచ్చింది. సీటును జరిపి బిగించే కొక్కెం దానికి పట్టదు. గిద్దలూరు దాటి కొండ మీది ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే నేను వెనక్కి జారి సుభద్ర మోకాళ్ళ మీద కూలబడేవాణ్ణి. దిగేటప్పుడు ఖాసిం బ్రేకు తొక్కితే ముందుకు జారి అద్దానికి ముక్కు ఆనించేవాణ్ణి. ఇది చాలదన్నట్టు, గతుకు తగిలితే వీపు ఆనించే భాగం ఒక్కసారిగా వెనక్కి వాలిపోయేది. ఎదురొచ్చిన మనిషి చేతులెత్తి దణ్ణం పెట్టేసరికి కిటికీలో నేనుండను. పడుకుని ఉండేవాణ్ణి. ఆ దణ్ణం ఖాసిం తీసుకునేవాడు.

“ఏం అన్నా, ఊయల బాగుందా?”

“బండి నడుపు, నోరు కాదు.”

“అట్లనే. మనం పొదిలి చేరేలోపల నువ్వు నాలుగుసార్లు నా పక్క నుంచి మాయమైనావు. లెక్కబెట్టినా.”

ఇదే రకం బండి కొన్నవాళ్ళంతా ఫోన్లో ఒక గుంపు కట్టుకున్నారని తెలిసి అందులో చేరాను. ఒకాయనకు మధ్య సీటు మడిస్తే మళ్ళీ లేవదట. ఒకామె ఖాళీ సీటు మీద జామకాయల సంచి పెడితే చాలు, బెల్టు పెట్టుకోమని బండి కుయ్యోమని గోల చేస్తుందట. పాపం ఆవిడ జామకాయలకు బెల్టు పెట్టి తిప్పుతోంది. ఇంకొకాయనకు సీటు కుట్లు ఊడి లోపలి స్పాంజి బయటికొచ్చింది. నా కష్టం ముందు ఇవన్నీ ఏపాటి? వాళ్ళకు సుఖం పోయింది, నాకు ప్రతిష్ఠ పోతోంది.

మార్కాపురంలోని కంపెనీ సర్వీసు సెంటరుకు మూడు ఉత్తరాలు రాశాను. మూడో ఉత్తరం చదివాక మేనేజరు భయపడ్డాడో, అర్థం కాక ఒప్పుకున్నాడో తెలియదు కానీ, సీటు మొత్తం మారుస్తామన్నాడు. కొత్తది విజయవాడ నుంచి రావాలి.

ఇక్కడ మీకొక సంగతి గుర్తు చేయాలి. ఎన్నికలు దగ్గరపడితే మా వైపు సీటు అన్న మాటకు అర్థం ఒక్కటే, పార్టీ టికెట్టు. ఎవరికి సీటు, ఎవరి సీటు గల్లంతు, ఎవరు సీటు కోసం విజయవాడలో మకాం వేశారు, టీ కొట్ల దగ్గర అదే మాట. ఊరంతా ఆ అర్థంలో ఉండగా నేనొక్కణ్ణే నా అర్థంలో కూర్చున్నాను. రెండర్థాలు ఉన్నాయన్న ఆలోచన కూడా నాకు రాలేదు. నా బాధ ముందు ఊరి గోల నా చెవికి ఎక్కితే కదా.

అటువంటి రోజుల్లో ఒక ఉదయం కంభం బస్టాండు దగ్గర టీ తాగుతూ మేనేజరుకు ఫోన్ చేశాను. మా వంశంలో ఫోన్లో మెల్లగా మాట్లాడే అలవాటు లేదు.

“నా సీటు సంగతి ఏం చేసినారు? ఎన్నాళ్ళు తిప్పుతారు? ఆఁ? పైవాళ్ళు ఒప్పుకున్నారా? మరి ఇంకేంది ఆలస్యం? సర్దుకోవాలా! ఇన్నాళ్ళూ సర్దుకోబట్టే గదా వెనక్కి పోయినా! ముందు సీటు నాదే. వెనక కూర్చోమంటే కూర్చునే రకం కాదు మేము. పదిహేనో తేదీనా? సరే, ఆ మాట మీద ఉండండి.”

ఫోన్ పెట్టి చూస్తే కొట్టు దగ్గర పది మంది టీ తాగడం మానేసి నన్నే చూస్తున్నారు. ఎరువుల దుకాణం కోటయ్య శెట్టి తన గ్లాసు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద.

“తమ్ముడా, సీటు అడిగినావా?”

“అడగక? హక్కు నాది.”

“వస్తాదంటావా?”

“రాక ఎక్కడికి పోతాది శెట్టీ? విజయవాడ నుంచే మాట వచ్చింది.”

శెట్టి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “ఇప్పుడుండే ఆయన్ను పీకేస్తారా అయితే?”

“ఇప్పుడుండేది పనికిరాదని వాళ్ళే ఒప్పుకున్నారు. గట్టిగా నిలబడదు. ఎటు ఊపితే అటు జారతాది.”

“నిజం తమ్ముడా!” అన్నాడు శెట్టి ఆవేశంగా. “అయిదేండ్ల నుంచి మేము మొత్తుకునేది అదే!”

నా బండి సీటు గురించి శెట్టి అయిదేళ్ళుగా ఎందుకు మొత్తుకుంటున్నాడని నేను ఆలోచించాలి. ఆలోచించలేదు. పెద్ద కుటుంబాల కష్టం జనం తమ కష్టంగా చూసుకుంటారని అనుకుని, ఆయన టీ డబ్బులు కూడా నేనే ఇచ్చాను.

మర్నాటి నుంచి దణ్ణాలు పెరిగాయి. ఏళ్ళుగా పలకరించని వాళ్ళు ఆగి, “సీటు సంగతి విన్నాం, సంతోషం” అన్నారు. వడియాలు వచ్చాయి, తేనె సీసా వచ్చింది. “బండి సీటు మారితే తేనె ఎందుకండీ పంపుతారు?” అని సుభద్ర అడిగింది.

“అది అభిమానం. నీకు తెలియదు.”

“వీళ్ళు ఏ సీటనుకుంటున్నారో ఒకసారి కనుక్కోండి.”

“మనకుండేది ఒకటే బండి, అందులో చెడింది ఒకటే సీటు. ఇందులో కనుక్కోవడానికి ఏముంది?”

ఆ వారంలోనే మరియమ్మ అవ్వ వచ్చింది. కంభం చెరువుకు అవతల వైపు చిన్న పల్లె ఆమెది. కూలి పనులు చేసుకునే నలభై ఇళ్ళు, ఒక చర్చి. తోడుగా ఇద్దరు ఆడవాళ్ళు, చేతిలో మడత పెట్టిన అర్జీ.

“నాయనా, నీకు సీటు వస్తాందంట గదా. ప్రభువు దయ.”

“అవును అవ్వా, పదిహేనో తేదీ.”

“వచ్చినంక మమ్మల్ని మర్సిపోవాకు. మా పల్లెకు ఒకసారి రావాల.”

“వస్తా అవ్వా. కానీ మీ దారి బాగలేదంటారే. ఆ గతుకులకు మంచి సీటు కూడా పాడైపోతాది.”

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “దారి కోసమే నాయనా ఈ కాగితం” అంది అవ్వ. “వానొస్తే నూటెనిమిది బండి మా ఊరికి రాదు. మొన్న నా కోడలికి నొప్పులొస్తే మంచం మీద మోసుకొచ్చినాము. రోడ్డు మీద కాన్పైంది.”

నా మనసు నిజంగా కలుక్కుమంది. ఇంత కష్టంలో ఉండి కూడా నా సీటు బాగోగులు అడగడానికి వచ్చిందే అనుకున్నాను. “సీటు రానీ అవ్వా. రాంగానే మొదట మీ ఊరికే వస్తా. ఇది నా మాట” అన్నాను. అర్జీ తీసుకుని జేబులో పెట్టుకున్నాను. చదివానా? చదివితే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

పదిహేనో తేదీన మార్కాపురం వెళ్ళాం. పాత సీటు విప్పారు, కొత్తది బిగించారు. కూర్చుని చూశాను. ఖాసిం మూడుసార్లు కావాలనే గట్టిగా బ్రేకు వేశాడు. కదిలితే ఒట్టు. సంతోషం పట్టలేక శెట్టికి ఫోన్ చేశాను. “సీటు వచ్చింది శెట్టీ! వస్తున్నా!”

కంభంలోకి వచ్చేసరికి బస్టాండు దగ్గర జనం. తప్పెట్లు, టపాకాయలు. బండి ఆగగానే కిటికీలోంచే నా మెడలో దండ పడింది. ఖాసిం నా వైపు వంగి, “అన్నా, నాకేందో తేడాగా ఉంది, పోనిస్తా పట్టుకో” అన్నాడు.

“ఆపు. వాళ్ళ అభిమానాన్ని కాదంటామా?”

శెట్టి తలుపు దగ్గరికి వచ్చి, అందరికీ వినబడేలా అడిగాడు. “తమ్ముడా, ఖాయమేనా?”

“ఖాయం! నాలుగు బోల్టులేసి బిగించినారు. ఇంక నన్నెవడూ కదిలించలేడు!”

ఈలలు, చప్పట్లు. చప్పట్లు వినబడితే మా వంశంలో గొంతు దానంతటదే లేస్తుంది. సీటు మీద నిటారుగా కూర్చునే ఉపన్యాసం మొదలుపెట్టాను. “మూడు నెలలు పోరాడినాను. ఇది ముందుకు జారే సీటు కాదు! వెనక్కి వాలే సీటు కాదు! ఎవరికన్నా అనుమానముంటే ఇప్పుడే ఎక్కి కూర్చుని చూడండి! మెత్తగా కూడా ఉంది!”

తప్పెట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“కూర్చోడమేంది?” అన్నాడు శెట్టి.

నేను దిగి, సీటును చేత్తో తట్టి చూపించాను. “ఇదిగో. పైనున్న ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు.”

శెట్టి సీటు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ సీటు చూశాడు. “ఇదా?” అన్నాడు. ఆ ‘ఇదా’లో ఉన్నంత అర్థం నా మూడు ఉత్తరాల్లో కలిపి కూడా లేదు. అప్పుడు వెలిగింది నాకు. వెలగడం అంటే మామూలుగా కాదు, ట్రాన్స్‌ఫార్మర్ పేలినట్టు. టీ కొట్టు, తేనె సీసా, అర్జీ, అన్నీ ఒక్కసారి కనబడ్డాయి. ఎవరో ముందు నవ్వారు. తర్వాత బస్టాండంతా నవ్వింది. ఆగి ఉన్న గిద్దలూరు బస్సులోంచి జనం తలలు బయటపెట్టి, సంగతి తెలియకుండానే నవ్వారు. తప్పెటవాళ్ళు ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి ఇంకా హుషారుగా.

జీవితంలో మొదటిసారి నా నడుము వంగింది. తల దాచుకోవడానికి బండిలోకి దూరబోయాను. అప్పటికే ముందు సీట్లో ఎవరో కూర్చున్నారు. మరియమ్మ అవ్వ. వెంట వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు మధ్య వరుసంతా సర్దుకుంటున్నారు.

“అవ్వా, అది కాదు, నేను చెప్పిన సీటు...”

“ఏ సీటైతే ఏంది నాయనా? రాంగానే మా ఊరికి వస్తానంటివి. వచ్చింది గదా. ఎక్కు. ఏం ఖాసిమూ, పోనీ.”

ఖాసిం బండి స్టార్ట్ చేశాడు. మాట ఇచ్చాను, తప్పడం మా ఇంట లేదు. మిగిలింది చిట్టచివరి వరుస. చంటిపిల్లలకూ కొబ్బరికాయల బస్తాలకూ చేసిన చోటు అది. గడ్డం మోకాళ్ళకు ఆనించి, దండ మెడలోనే ఉంచుకుని, అందులో ఇరుక్కుని చెరువు అవతలి దారి పట్టాను. ఆ దారిలో బండి పైకప్పుకు నా తల పదకొండుసార్లు తగిలింది. ముందు సీట్లో అవ్వ మాత్రం చెక్కు చెదరలేదు. మంచి సీటు, కంపెనీవాళ్ళను మెచ్చుకోవాలి.

పల్లెలో దిగాక కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేక చర్చి అరుగు మీద కూలబడ్డాను. సిగ్గుతో తల ఎత్తకుండానే అన్నాను. “క్షమించు అవ్వా. నాకు రోడ్డు వేయించే సీటు రాలేదు. నేను ఎవరినీ కాను.”

అవ్వ నీళ్ళ చెంబు చేతికిచ్చింది. “సీటు వచ్చినోళ్ళను నలుగురిని చూసినా నాయనా. వచ్చేదాక అందరూ వచ్చినారు, వచ్చినంక ఒక్కడూ రాలే. సీటు వచ్చినంక మా ఊరికొచ్చింది నువ్వొక్కడివే. అదీ ఎనక సీట్లో.”

జేబులో నలిగిపోయిన అర్జీ ఆ అరుగు మీదే తీసి మొదటిసారి చదివాను. ఉత్తరాలు రాయడం నాకు బాగా వచ్చు. ఆ రాత్రే ఆ దారి గురించి ఒకటి మొదలుపెట్టాను. ఇప్పటికి అరవై రెండు అయ్యాయి. పోయిన నెల గ్రావెల్ లారీలు వచ్చాయి. రోడ్డు నా ఉత్తరాల వల్లే వచ్చిందని నేనంటాను, ఇంక నా ఉత్తరాలు రాకుండా ఉండటానికి వేశారని ఖాసిం అంటాడు.

పూర్వీకుల నాలుగు గనుల సాక్షిగా నేనొక ప్రతిజ్ఞ చేశాను. బతికి ఉన్నంతకాలం, ఎన్నికలు ఉన్నా లేకున్నా, సీటు అన్న రెండక్షరాలూ నా నోట బహిరంగంగా రావు. బస్సులో, రైల్లో, పెళ్ళి పందిట్లో నాకు కావలసినది వేలితో చూపిస్తాను. ఎవరూ చూపిన చోటు ఇవ్వకపోతే, మా వంశం తలెత్తుకుని నిలబడుతుంది.