గద్దె దిగినవాడి ఎడ్లు

డెబ్బై నాలుగు ఆగస్టు. నాందేడ్ నుంచి దెగ్లూర్ వెళ్లే బస్సులో పేపరు తెరిచి, స్వయంగా నేనే గద్దె దించినట్టు ప్రకటించాను: "అమెరికా అధ్యక్షుడు రాజీనామా చేశాడండీ! దొంగపనులు కప్పిపుచ్చబోయి దొరికిపోయాడు."

పక్కనున్న మర్ఖేల్ ఊరి పెద్దాయన ఒళ్లో కొత్త గజ్జెలున్నాయి. ఎడ్లను ఊరేగించే పోళా పండక్కి కొన్నాడట.

"మా ఇంటి పాటీల్‌గిరి, ఊరి పెత్తనం గూడ సర్కారు తీసేసింది. అయినా పోళా నాడు మా ఎడ్లే ముందు నడుస్తయి. ఈసారి సర్పంచ్ తనయి ముందు పోవాలంటుండు," అంటూ ఆశగా నా వైపు వంగాడు. "గద్దె దిగినంక గాయన ఎడ్లు ముందు నడుస్తయా, ఎనకనా?"

"ఆయనకు ఎడ్లే లేవండీ."

గజ్జెలు మూటగట్టుకుంటూ నన్నూ, పేపర్నీ, అమెరికానూ కలిపి జాలిగా చూశాడు.

"ఎడ్లే లేనోన్ని గద్దె మీద ఎట్ల కూసోబెట్టిన్రయ్యా?"