తలుపు మూసినాయన ఏమైండు?

మా మామ పోయిండని ఫోన్ వచ్చినప్పుడు నేను ఇస్నాపూర్ల నా కుట్టుమిషన్ ముంగట కూసోని ఒక చిన్నపిల్ల లంగకు అంచు కుడుతున్న. మా ఆయన సంగారెడ్డి దవాఖానకెల్లి చేసిండు. "నాయిన పోయిండు" అని రెండే మాటలన్నడు. ఎప్పుడు, ఎట్ల అని గూడ నేను అడగలే. లేవాలె అనుకున్న గని లేవలే. ఆ అంచు కొసదాక కుట్టి, దారం తెంపి, బట్ట మడతపెట్టి అప్పుడు లేసిన. ఎందుకట్ల చేసిన్నో నాకు ఇప్పటికీ తెల్వదు. పది దినాలైనంక ఆ పిల్ల తల్లి వచ్చి లంగ తీస్కపోయింది. అంచు ఎక్కడ గూడ వంకర పోలే. అది చూస్తే నాకే భయమైంది.

మా మామను మీరెవ్వరు ఎరుగరు. పేపర్ల పేరు పడేటంత మనిషి కాదు. రెండెకరాల భూమి ఉండె. బాయిల నీళ్ల రంగు మారినంక వ్యవసాయం బంద్ చేసి ఒక మందుల కంపెనీల పనికి కుదిరిండు. తొంభైల నడుమ నేను కోడలుగ వచ్చేసరికి ఆ పని గూడ మానేసి ఇంట్లనే ఉంటుండె. కంపెనీల మంటలు లేసి ఒక మనిషి సచ్చిపోయిండని, ఆ పొగకే మామ కండ్లు దెబ్బతిన్నయని నాకు పెండ్లైన కొత్తల చెప్పిన్రు. మనిషి వచ్చిండా పోయిండా అన్నది కండ్లకు ఆనుతుండె గని అక్షరం ఆనకపోతుండె. ఆ మంటల సంగతి అంతకు మించి ఇంట్ల ఎవ్వరు ఎత్తకపోయేది.

ఆ ఇంట్ల నన్ను మస్తు పరేషాన్ చేసిన సంగతి ఒకటుండె. ఏ తలుపుకు గూడ గడియ లేదు. మామనే అన్నీ ఊడదీసిండట. తానాల గదికి గోనెపట్ట పరదా. కొత్త పెండ్లికూతురును, సిగ్గుతోని సచ్చిపోయిన. మా అత్తను అడిగితే, "ఆయనకు తలుపు మూస్తే ఊపిరాడదు బిడ్డా, జెర ఓర్సుకో" అన్నది.

నేను కొండాపూర్ దిక్కు పిల్లను. ఇంటర్ సంగారెడ్డిల చదివిన. అక్కడ బస్టాండు దగ్గర కిరాయికి పుస్తకాలిచ్చే షాపు ఉండె. అండ్ల ఏడు భాగాల నవల ఒకటి దొరికింది. భూమి పాడైపోతది, మిగిలిన జనం పెద్ద ఓడ కట్టుకోని ఆకాశంల ఇంకో నేలను ఎతుక్కుంట పోతరు. ఒక్క మనిషి కథ కాదది. ఒక్కో అధ్యాయం ఒక్కో మనిషి దిక్కుకెల్లి నడుస్తది. మూడు భాగాలు చదివినంక నాకు పెండ్లి కుదిరింది. పెండ్లిల నాకు బెంగ ఏందంటే, మా అమ్మను ఇడిసిపెట్టి పోతున్నందుకు ఎంతనో, ఆ ఓడను నడిమిట్ల ఇడిసిపెట్టినందుకు గూడ అంతనే.

మొదటిసారి తల్లిగారింటికి పోయి వస్తుంటే షాపుకు పోయి మొదటి భాగం మళ్ల తెచ్చుకున్న. పగటీలి పని ఒడిసినంక వంటింట్ల కూసోని చదువుకునేదాన్ని. పెదవులు కదపకుంట, పైకి అనకుంట చదవరాదు నాకు. ఆ మాట గోడ అవతల వరండల మంచం మీద ఒరిగిన మామకు ఇనబడుతదని నేననుకోలే. మామ ముంగటికి నేను రాకపోయేది, నేరుగ మాట్లాడకపోయేది. గప్పుడు మా దిక్కు కోడండ్లు గట్లనే ఉంటుండె.

ఒకనాడు పాలు పొంగుతున్నయని పుస్తకం ఆపి లేసిన. వరండలకెల్లి మామ మా అత్తతోని అంటున్నడు. "ఏమే, గా ఓడకు రాయి తాకింది గదా, తర్వాత ఏమైందో కోడలును అడుగు."

మా అత్త బిత్తరపోయింది. "ఏం ఓడ? ఏం రాయి?"

నేను దర్వాజ ఎనుక నిలబడి, "ఓడకు బొక్కపడ్డది అత్తమ్మా, అందరు కలిసి పూడుస్తున్నరు" అన్న. అత్త తల ఇటు తిప్పి ఇని, అటు తిప్పి, "ఏందో బొక్కపడ్డదంట" అని మామకు చెప్పింది. మూడు దినాలు ఆ ఓడ సంగతులు మా అత్త నోటినుంచే నడిచినయి. నాలుగోనాడు ఆమెకు యాష్టకొచ్చింది. "నాకు మీ ఓడలు గీడలు వద్దు. మీరు మీరు మాట్లాడుకోండ్రి" అని చాట పట్టుకోని ఎనుకకు పోయింది. గట్ల మా మామతోని నాకు మాట కలిసింది.

ఆ పుస్తకంల పేర్లు నోరు తిరగనియి. మామ ఒక్కటి గూడ పట్టుకోలే. "పేరు రాకపోతే పనిని బట్టి పిలువాలె బిడ్డా, కంపెనీల గంతే" అనేటోడు. ఓడ నడిపించే ఆమె పెద్దక్క అయింది. నీళ్లు శుద్ధి చేసే ముసలాయన నీళ్లాయన. ఒక చెయ్యి లేనోడు ఒంటిచెయ్యోడు. దినాం నేను పుస్తకం తెరవంగనే, టైమాఫీసుల హాజరు తీసినట్టు, "ఇయ్యాల డ్యూటీల ఎవరెవరున్నరు?" అని అడుగుతుండె. నేను చెప్పాలె. ఒక్క పేరు మరిసిపోతే తనే అందిస్తుండె. నీళ్లాయన మీద మామకు మస్తు పావురం, ఇష్టం. "గంతమందికి మంచినీళ్లు తాగిపిస్తున్నడు, మన బోరు కాడికి గూడ ఒకపారి పంపరాదా" అని నవ్వేటోడు.

ఇంకో మాట యాదికొస్తది. "చెప్పేది ఉంటే తినకముందే చెప్పాలె, తిన్నంక ఎవ్వని మాట ఎవ్వనికి ఎక్కదు." అందుకే నా చదువుడు పగటి బువ్వకు ముందుకు మారింది.

నాలుగో భాగంల ఓడ ఇంజన్ల గదికి నిప్పంటుకుంటది. మిషన్ చూసే మనిషి ఒకాయన ఇనుప తలుపు లాగి మూస్తడు. లోపల ఇద్దరు ఉండిపోతరు. తలుపు మూయకపోతే ఓడంత కాలిపోతుండె. నేను చదువుకుంట పోతున్న. మామ లేసి కూసున్నడు. "ఆపు" అన్నడు. నేను తల ఎత్తేసరికి గోడ పట్టుకుంట పట్టుకుంట వాకిట్లకు పోయిండు.

మూడు నెలలు మళ్ల పుస్తకం అడగలే. నేను తెరిస్తే లేసి పోతుండె. నేనేం తప్పు చేసిన్నో నాకు సమజ్ కాలే. అత్తను అడగాలంటే భయం.

ఒకనాడు అత్త పటాన్‌చెరు అంగడికి పోయింది. నేను చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న. మామ వచ్చి గడప దగ్గర కూసున్నడు.

"బిడ్డా, పుస్తకంల వాళ్లు తలుపు కొడతరా?"

"ఎవరు మామా?"

"లోపల ఉండిపోయినోళ్లు. తలుపు మూసినంక కొడతరు గదా. మూసినాయనకు అది ఇనబడ్డదా లేదా, చూసి చెప్పు."

పుస్తకం తెచ్చి ఆ పుట, దాని ఎనుక పుట, దాని తర్వాతి పుట చదివిన. "రాయలేదు మామా" అన్న.

"నాకు ఇనబడ్డది" అన్నడు.

కంపెనీల ఆ మంటలనాడు, మందు తయారుచేసే బ్లాకు తలుపు మామనే మూసిండు. సూపర్‌వైజరు దూరంకెల్లి "బంద్ కరో, బంద్ కరో" అని మొత్తుకుంటున్నడట. పక్కనే కెమికల్ డ్రమ్ములు. అవి అంటుకుంటే రెండు షిఫ్టుల మనుషులు ఆడికాడికే మాడిపోతుండె. మామ తలుపు లాగి గడియ ఏసిండు. ఏసినంక లోపలికెల్లి మూడుసార్లు కొట్టిన సప్పుడైంది. మామ చెయ్యి గడియ మీదనే ఉన్నది. తియ్యలే. తర్వాత ఇనుము కాలుతున్నా తియ్యలే. అందరు వచ్చి అడిగితే, లోపల ఎవ్వరు లేరనుకున్న అని చెప్పిండు. కంపెనీ వాళ్లు గూడ గట్లనే రాసుకున్నరు. వందమందిని కాపాడిండని శాలువ కప్పిన్రు. ఆ శాలువ ఎక్కడున్నదో మా అత్తకు గూడ తెల్వదు.

ఇంట్ల గడియలు ఎందుకు లేవో నాకు గప్పుడు తెలిసింది. చిక్కుడుకాయలు ఒళ్లో అట్లనే ఉన్నయి. ఏమనాలె? ఇరువై ఏండ్ల పిల్లను. "చదవమంటరా మామా?" అన్న. "చదువు" అన్నడు.

ఆనాటి నుంచి హాజరు తీసుడు మారిపోయింది. పెద్దక్క ఏమైంది, నీళ్లాయన ఏమైండు అని అడుగుడు బంద్. ఒక్కటే అడుగుతుండె. "తలుపు మూసినాయన ఏమైండు?" ఐదో భాగంల ఆయన లేడు. ఆరో భాగం అంతా చదివిన, ఒక్క మాట గూడ లేదు. నీళ్లాయన సచ్చిపోతే గూడ మామ పట్టించుకోలే. "ఆయనను పట్టుకోని అడుగుతరు బిడ్డా, ఎవలో ఒకలు అడుగుతరు. కొసకు పెట్టిండు రాసినాయన" అంటుండె.

ఏడో భాగం షాపుల లేకపోయేది. ఎవలో తీస్కపోయి మళ్ల తేలే. ఏడాది దాక నేను సంగారెడ్డికి పోయినప్పుడల్లా అడిగిన. ఆఖరికి దొరికిననాడు, మామకు చెప్పకుంట కొంగుల దాసి తెచ్చి, ముందుగాల నేనే ఒక్కదాన్ని చదివిన. ఓడ నేలకు దిగుతది. ఒంటిచెయ్యోనికి పెండ్లయితది. పెద్దక్క ఓడల్నే ఉండిపోతది, దిగదు. తలుపు మూసినాయన ఒక్కటే ఒక్క వాక్యంల ఉన్నడు. జనం వరసగ దిగుతుంటే అందరికంటె ఎనుక నిలబడ్డడు. అంతే. ఎవ్వరు ఆయనను అడగలే, మన్నించలే, తిట్టలే.

నేను రెండు దినాలు తిప్పలపడ్డ. సొంతంగ నాలుగు మాటలు కలపాలనుకున్న. లోపల సచ్చిపోయిన ఇద్దర్ల ఒకాయన పెండ్లాం వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నట్టు మనసుల రాసుకున్న గూడ. బాగనే కుదిరింది. చదివేనాడు మామ చెవి నా దిక్కు పెట్టి కూసున్నడు. ఆ చెవిని చూసినంక నాకు అబద్ధం చదవ బుద్ధికాలే. ఉన్నదే చదివిన.

"గంతేనా?"

"గంతే మామా."

"రాసినాయన మరిసిపోయిండు" అన్నడు. జెర సేపటికి, "జిన్నారం పోదాం, నాతోటి వస్తవా?" అన్నడు.

రెండు బస్సులు మారి పోయినం. కంపెనీ మంటల్ల సచ్చిపోయినాయన పెండ్లాం ఆడ రెండు గదుల ఇంట్ల ఉంటుంది. ఒక కంపెనీల డబ్బాలు సర్దే పనికి పోతది. మామను చూడంగనే గుర్తుపట్టి, "అన్నా, కూసో" అని పీట ఏసింది. మామ కూసోలే. నిలబడే చెప్పిండు. లోపలికెల్లి ఆయన మూడుసార్లు కొట్టిండని, ఇనబడ్డా గడియ తియ్యలేదని చెప్పిండు.

ఆమె అడిగింది. "పిలిచిండా ఎవరినన్న?"

"నన్నే పిలిచిండు. అన్నా అని పిలిచిండు."

ఈ మాట నాకు గూడ చెప్పలే మామ. నేను అప్పుడే ఇన్న.

ఆమె ఏడ్వలే, మొత్తుకోలే. నెమ్మదిగ అన్నది. "పొగకు సోయి తప్పి పోయిండు, ఆయనకేం తెల్వలేదని ఆఫీసరు చెప్పిండు. ఆ ఒక్క మాట పట్టుకోని ఇన్నేండ్లు బతికిన. నువ్వొచ్చి నీ బరువు దించుకున్నవు. నేనేడ దించుకోవాలె?" కడవలకెల్లి మంచినీళ్లు ముంచి మామకు ఇచ్చింది. తాగినంక, "ఇగ రాకు అన్నా" అన్నది.

బస్సుల మామ నా పక్కన కూసున్నడు. మామా కోడలు ఒక్క సీట్ల కూసునుడు అదే మొదలు, అదే ఆఖరు. "తప్పు చేసిన్నా బిడ్డా చెప్పి?" అని అడిగిండు. నేను కిటికీలకెల్లి చూస్తున్నట్టు చేసిన. ఆ తర్వాత ఆరేండ్లు బతికిండు. నాతోటి మంచిగ మాట్లాడిండు, నా పిల్లలను ఎత్తుకున్నడు, కొన్ని పుస్తకాలు చదివిచ్చుకున్నడు గూడ. మళ్ల ఆ మాట అడగలే. నేను జవాబు చెప్పలే. చెప్పాలంటే ఇప్పటికీ నా దగ్గర లేదు. ఆ పుస్తకాలు నేను ఆ ఇంటికి తేకపోతే మామ, ఆమె ఇద్దరు ఎట్లున్నరో అట్లనే ఉంటుండెనేమో. ఒక్కోపారి మిషన్ తొక్కుతుంటే, మామ నా ఎనుక నిలబడి ఆ మాటే అడుగుతున్నట్టు అనిపిస్తది. తిరిగి చూడను.

మామను దవాఖాన నుంచి తెచ్చి వాకిట్ల పండబెట్టిన్రు. ఊరంత వచ్చింది. పగటీలి ఎండ మీదికొచ్చే యాళ్లకు, జిన్నారంకెల్లి ఆమె వచ్చింది. ఎవలు కబురు చేసిన్రో తెల్వదు, నేనైతే చేయలే. మా ఆయన "ఎవరామె?" అని నన్ను అడిగిండు. "మామకు చెల్లెలు వరస" అన్న.

ఆమె వచ్చి తల దగ్గర కూసున్నది. ఏడ్వలే. కొంగుతోని ముఖం మీద ఈగలు వాలకుంట విసురుకుంట ఉన్నది. నేను నీళ్లిస్తే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఎండ జరిగి జరిగి మామ ముఖం మీదికి వచ్చింది. "జెర నీడకు జరుపుండ్రి" అన్నది. మొగోళ్లు కట్టెలు, డప్పుల పనిల ఉన్నరు, ఎవ్వరు ఇనలే. ఆమె మళ్ల అడగలే. లేసి, ఎండ వచ్చే దిక్కుకు పోయి, ఈపు ఎండకు ఇచ్చి కూసున్నది. ఆమె నీడ మామ ముఖం మీద పడ్డది. ఎండ జరిగినప్పుడల్లా ఆమె గూడ జెరంత జరిగింది. మామను ఎత్తేదాక గట్లనే కూసున్నది.