అల మీద నేను, బూట్లలో ఆదెమ్మ

చీమకుర్తి గ్రానైట్ యూనిట్లో ఇంజనీరుగా చేరిన కొత్తలో ప్రతి ఆదివారం బైకు మీద ఏదో ఒక బీచ్‌కి వెళ్లేవాణ్ణి. సూర్యలంకలో నేను వెళ్లినప్పుడు అలలు చిన్నవి. వాడరేవులో జనం ఎక్కువ. కొత్తపట్నంలో మాత్రం పోలయ్య అనే జాలరి తెప్పను అల మీద జారిస్తూ ఒడ్డుకు తెచ్చాడు. కేబుల్ టీవీలో చూసిన సర్ఫింగ్ నా కళ్ల ముందే! ఒక్కసారి ఎక్కించమని బతిమాలితే సరేనన్నాడు. ఒడ్డున వదిలితే పోతాయని కొత్త బూట్లతోనే కాలు పెట్టబోయాను.

"ఆగు నాయనా! బూట్లతో ఎక్కుతావా? అది మాకు అన్నం పెట్టే తల్లి!" అని అరిచింది అతని భార్య ఆదెమ్మ. "ఇటియ్యి, నేను చూస్తాలే."

బూట్లు ఆమెకిచ్చి తెప్పెక్కాను. లోపలికి పోయి తిరిగొస్తుంటే వెనక నుంచి అల మమ్మల్ని పైకెత్తి ఒడ్డుకేసి విసిరింది. "లేవమాక!" అని పోలయ్య అరుస్తున్నా లేచి నిలబడ్డాను. నీళ్లలో పడి, ఉప్పునీళ్లు మింగి, పడీపడీ నవ్వుతూ ఒడ్డుకు చేరాను.

అక్కడ ఆదెమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, నా బూట్లేసుకుని ఇసకలో చిందులేస్తోంది.

"దీనికి పిచ్చెక్కింది!" అన్నాడు పోలయ్య.

"నా బూట్లమ్మా..." అన్నాను.

"ఏం తొందర? ఇంకో అల ఎక్కిరాపో నాయనా. నేనింకా మా వదిన ఇంటిదాకా పోలేదు."

పోలయ్య అప్పటికే తెప్పను మళ్లీ నీళ్లలోకి తోస్తున్నాడు.